సైకాలజీ చదువుతానంటున్న పిల్లలకు ఏం చెబుతారు?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం చాలా ఇళ్లలో ఈమధ్య ఒక కొత్త మాట వినిపిస్తోంది. ‘‘నాకు ఇంజినీరింగ్ వద్దు. సైకాలజీ చదువుతా.’’ ఆ మాట వినగానే నాన్న ముఖం చిట్లిస్తారు. ‘‘పిచ్చి డాక్టరు చదువా? మన ఇంటావంటా లేదే!’’ అమ్మ ఇంకో వైపు నుంచి వస్తుంది. ‘‘మూడేళ్లు చదివాక క్లినిక్ పెట్టుకోవచ్చా మరి?’’ పిల్ల తన వాదన తను చెబుతుంది. ‘‘మనుషులకు సాయం చేయాలనుంది. వాళ్ల బాధ వింటాను, తగ్గిస్తాను.’’

గమనించారా? ముగ్గురూ గొడవ పడుతున్నారు కానీ, ముగ్గురూ నమ్ముతున్నది ఒక్కటే. సైకాలజీ డిగ్రీ అంటే వైద్యం నేర్పే చదువని. నాన్న దానికి భయపడుతున్నారు, అమ్మ దానితో బతుకుతెరువు చూస్తోంది, పిల్ల దానికోసం ఉవ్విళ్లూరుతోంది. బీఏ సైకాలజీ గానీ, బీఎస్సీ సైకాలజీ గానీ ఎవరికీ వైద్యం చేసే అర్హత ఇవ్వదు. ఇది ముందే తెలియకపోతే నష్టపోయేది మీ అమ్మాయి ఒక్కతే కాదు. రేపు ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకునే మనిషి కూడా. ఆరోగ్యం కోసం కేటాయించిన ఈ పేజీలో ఒక డిగ్రీ చదువు గురించి రాయడానికి కారణం అదే.

ముందు పేర్ల చిక్కు విప్పుకుందాం. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో ఎండీ వంటి పీజీ చేసిన డాక్టరు. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు వేరు. సైకాలజీలో డిగ్రీ, ఆ తర్వాత పీజీ, ఆపైన ఆసుపత్రిలో సీనియర్ల పర్యవేక్షణలో రోగులను చూస్తూ నేర్చుకునే శిక్షణ. ఇన్నేళ్లుగా ఆ శిక్షణ ప్రధానంగా రెండేళ్ల ఎంఫిల్ రూపంలో ఉండేది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు ఎవరో నిర్వచించేటప్పుడు ఈ పర్యవేక్షణ మాటను ప్రత్యేకంగా చెప్పింది. పుస్తకం చదివి పాసైతే చాలదు, పెద్దవాళ్ల కళ్ల ముందు పనిచేసి నేర్చుకోవాలని దాని అర్థం. వీళ్లు మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, మాటలతో, పద్ధతి ప్రకారం చికిత్స చేస్తారు.

ఇక చట్టం సంగతి. 1992లో వచ్చిన చట్టం కింద పనిచేసే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, క్లినికల్ సైకాలజిస్టుల పేర్లను ఒక జాతీయ రిజిస్టరులో నమోదు చేస్తుంది. ఆ నమోదు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అవును, వెయ్యి రూపాయలే. నగరంలో ఒక్క కౌన్సెలింగ్ సిటింగుకు అంతకంటే ఎక్కువ తీసుకునేవాళ్లున్నారు. ‘కౌన్సెలర్’, ‘లైఫ్ కోచ్’, ‘మైండ్ హీలర్’ అని బోర్డు పెట్టుకున్నవాళ్ల సంగతి మరీ అయోమయం. ఈ ఖాళీని పూడ్చడానికే 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఆర్‌సీఐ పరిధిలోకి రాని సైకాలజిస్టులను, ప్రవర్తన సంబంధ ఆరోగ్య వృత్తులవారిని ఒక గొడుగు కిందికి తెచ్చే పని దానిది. ఆ చట్టం నీడ చదువు మీద కూడా పడింది. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ యూనివర్సిటీలను ఆదేశించింది. ఇంట్లో కూర్చుని సైకాలజీ పట్టా తెచ్చుకునే రోజులకు అక్కడితో తెరపడింది. మంచిదే. మనిషిని చూడకుండా మనిషి మనసు నేర్చుకోవడం ఎలా కుదురుతుంది?

ఎంఫిల్ దారి కూడా మారుతోంది. మిగతా సబ్జెక్టుల్లో ఎంఫిల్‌ను యూజీసీ 2022లో ఆపేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 వరకు గడువిచ్చింది. అందుకని ఈ ఏడాది డిగ్రీలో చేరే పిల్లలు ‘మా సీనియర్ అక్క ఇలా చేసింది’ అన్న లెక్క మీద నడవకూడదు. డిగ్రీ ఆఖరి ఏడాదికి వచ్చేసరికి ఆర్‌సీఐ ఏ కోర్సులను గుర్తిస్తోందో దాని వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి. కాలేజీ కరపత్రంలో చూసి కాదు.

మరి మూడేళ్లు, నాలుగేళ్లు ఆ డిగ్రీలో నేర్పేదేమిటి? చాలామంది పిల్లలకు మొదటి సెమిస్టరులోనే గుండె జారిపోయే మాట చెప్పాలి. లెక్కలు. అవును, గణాంకశాస్త్రం. సగటు, విచలనం, సహసంబంధం, నమూనా ఎంపిక. లెక్కల బాధ తప్పుతుందని సైకాలజీ తీసుకున్న పిల్లలు ఇక్కడ కంగుతింటారు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వూంట్ ప్రయోగశాల పెట్టిన నాటి నుంచీ ఈ సబ్జెక్టు తనను తాను కొలిచే శాస్త్రంగానే చెప్పుకుంటోంది. మన దేశంలో కలకత్తా యూనివర్సిటీలో 1916లో విభాగం మొదలైంది. మన దగ్గర ఆచార్య కోనేరు రామకృష్ణారావు 1960ల్లోనే ఆంధ్రా యూనివర్సిటీలో ఒక విభాగాన్ని నెలకొల్పారు. అంటే ఇదేమీ నిన్నటి ఫ్యాషన్ కాదు.

ప్రయోగశాలలో ఏం చేస్తారో ఒక చిన్న ఉదాహరణ. ‘ఎరుపు’ అనే మాటను నీలం సిరాతో రాస్తారు. మీరు మాట చదవకూడదు, సిరా రంగు చెప్పాలి. ప్రయత్నించి చూడండి, నాలుక తడబడుతుంది. 1935లో స్ట్రూప్ అనే అమెరికన్ ప్రచురించిన పరీక్ష ఇది. పిల్లలు దీన్ని స్టాప్‌వాచీ పట్టుకుని పదిమంది మీద చేస్తారు. బాగా అలవాటైన భాషలో రాసినప్పుడు సాధారణంగా తడబాటు ఎక్కువ. తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి రాసి పెడితే ఆ తేడా కనిపిస్తుంది. చదవడం రాని నాయనమ్మకు పెడితే అసలు ఇబ్బందే ఉండదు, టకటకా రంగులు చెప్పేస్తుంది. చదవడం అనేది మనం ఆపాలనుకున్నా ఆగని పనిగా మారిపోయిందని అప్పుడు అర్థమవుతుంది. ఎవరి మనసులోకీ తొంగిచూడకుండా, ఒక గడియారంతో మనసు గురించి ఒక నిజం పట్టుకోవడమంటే ఇదే. ఆ రుచి తగిలిన పిల్లలు ఇక ఆ సబ్జెక్టును వదలరు.

ఇంకో ఉదాహరణ మీ ఇంటికే సంబంధించింది. పిల్లవాడి ముందు ఒక మిఠాయి పెట్టి, ‘ఇప్పుడు తింటే ఒకటే, నేను వచ్చేదాకా ఆగితే రెండు’ అని చెప్పి పెద్దవాళ్లు గదిలోంచి వెళ్లిపోయే పరీక్ష గురించి మీరు వినే ఉంటారు. స్కూల్లో తల్లిదండ్రుల సమావేశాల్లో, వాట్సప్‌లో తిరుగుతూనే ఉంటుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం. అక్కడి క్యాంపస్ నర్సరీ పిల్లల మీద చేశారు. ఆగగలిగిన పిల్లలకు పెద్దయ్యాక మార్కులు ఎక్కువ వచ్చాయని 1990లో వచ్చిన పత్రం చెప్పింది. అంతే, ‘ఓర్పు ఉన్నవాడే గెలుస్తాడు’ అని ప్రపంచమంతా ప్రచారమైంది. నాలుగేళ్ల పిల్లవాడు లడ్డూ లాక్కుని తింటే తల్లులు బెంగపెట్టుకున్నారు.

2018లో వేరే పరిశోధకులు 900 మందికి పైగా పిల్లల సమాచారంతో మళ్లీ చూశారు. ఈసారి కాలేజీ డిగ్రీ పూర్తి చేయని తల్లుల పిల్లలు కూడా బాగా ఉన్నారు. ఆ సంబంధం సగానికి పడిపోయింది. ఇంటి ఆదాయం, తల్లి చదువు వంటివి లెక్కలోకి తీసుకుంటే ఇంకా బాగా తగ్గిపోయింది. ఎందుకంటారు? రేపు కూడా డబ్బాలో లడ్డూ ఉంటుందని నమ్మకం ఉన్న ఇంట్లో పిల్లవాడికి ఆగడం తేలిక. ఉన్నప్పుడే తినకపోతే అన్నయ్య తినేసే ఇంట్లో ఆగడం తెలివితక్కువ. ఆ పిల్లవాడికి ఓర్పు లేదనడం కంటే, ఇంట్లో ఉన్న లెక్క వాడికి తెలుసనడం నిజానికి దగ్గర.

మంచి సైకాలజీ డిగ్రీ మీ అమ్మాయికి ఇచ్చేది ఈ రెండో చూపు. ఎవరి మీద చేశారు, ఎంతమంది మీద చేశారు, ఇంకేదైనా కారణం ఉందా అని అడిగే అలవాటు. ఈ అలవాటును సైకాలజీ తన మీద తానే ప్రయోగించుకుంది కూడా. 2015లో వందలాది శాస్త్రవేత్తలు కలిసి పేరున్న పత్రికల్లో అచ్చయిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, గట్టిగా నిలబడ్డ ఫలితాలు 36 శాతమే. ఇంకో శాస్త్రమైతే దాచుకునేదేమో. ఇప్పుడు మంచి కాలేజీల్లో ఈ సంగతిని మొదటి ఏడాదే పాఠంగా చెబుతున్నారు. అందుకే నా మటుకు నాకు ఈ సబ్జెక్టు మీద గౌరవం తగ్గలేదు, పెరిగింది. సోషల్ మీడియాలో ‘సైకాలజీ ఏం చెబుతోందంటే’ అని మొదలయ్యే వీడియో చూసి నవ్వుకోగలిగే పిల్ల ఇంట్లో ఒకరుంటే ఆ ఇంటికి ఎంత మేలు!

ఇప్పుడు లిబరల్ ఆర్ట్స్ సంగతి. ఈ పేరు వినగానే బొమ్మలు గీయడం, నాట్యం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది కాదు. చేరిన రోజే ఒక సబ్జెక్టుకు కట్టేయకుండా, మొదట్లో లెక్కలు, సాహిత్యం, చరిత్ర, జీవశాస్త్రం, అర్థశాస్త్రం వంటివి కొన్ని కొన్ని చదివించి, ఆ తర్వాత ఒకదాన్ని ప్రధానంగా ఎంచుకోమనే పద్ధతి. హరియాణా సోనీపత్‌లో అశోక, పుణెలో ఫ్లేమ్, మన దగ్గర తిరుపతి జిల్లా శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయం ఈ తరహావి. మూడింటిలోనూ సైకాలజీని ప్రధాన సబ్జెక్టుగా తీసుకోవచ్చు. అమెరికాలో అయితే చిన్న చిన్న కాలేజీలు ఇదే పనిగా రెండు వందల ఏళ్లుగా ఉన్నాయి. అక్కడ చాలాచోట్ల పీజీ విద్యార్థులు ఉండరు కాబట్టి, ప్రొఫెసరు పరిశోధనలో డిగ్రీ పిల్లలకే చేయి పెట్టే అవకాశం దొరుకుతుంది. అది నిజమైన లాభం. ఆ దేశంలో ఏటా లక్షమందికి పైగా సైకాలజీలో డిగ్రీ తీసుకుంటారు. కానీ అక్కడ కూడా సైకాలజిస్టుగా లైసెన్సు కావాలంటే దాదాపు అన్ని రాష్ట్రాల్లో డాక్టరేట్ ఉండాల్సిందే. ‘అమెరికా డిగ్రీ కదా, వచ్చి ఇక్కడ క్లినిక్ పెట్టేస్తుంది’ అనుకునే బంధువులకు ఈ ముక్క చెప్పండి.

ఫీజులు భారమే. ఇలాంటి ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఏడాదికి లక్షల్లో ఉంటుంది. ఉపకార వేతనాలు ఉంటాయి, అడగాలి. అప్పు చేసి పంపాల్సి వస్తే మాత్రం ఈ దారి డిగ్రీతో ఆగదని, ఇంకో నాలుగైదేళ్లు చదువు ఉందని లెక్క వేసుకునే పంపండి. అదే సబ్జెక్టు మామూలు డిగ్రీ కాలేజీల్లో తక్కువ ఖర్చుతో ఉంది. కాలేజీ పేరు కన్నా అక్కడి అధ్యాపకులు, ప్రయోగశాల ముఖ్యం.

అయినా ఈ కలగలుపు చదువులో సైకాలజీకి ఒక ప్రత్యేక మేలుంది, దాన్ని కాదనలేం. మనసు తలలో మాత్రమే లేదు. అప్పుల్లో కూరుకుపోయి నిద్ర పట్టని రైతును తీసుకోండి. సైకాలజీ ఒక్కటే చదివిన పిల్ల అతని ఆలోచనా విధానంలో లోపం వెతుకుతుంది. పక్కనే అర్థశాస్త్రం చదివిన పిల్ల, వడ్డీ ఎంత అని అడుగుతుంది. సమాజశాస్త్రం చదివి ఉంటే, కౌలు రైతా అని అడుగుతుంది. రెండు ప్రశ్నలూ అడగడం తెలిసిన మనిషి దగ్గర ఆ రైతు ఇంకో పది నిమిషాలు ఎక్కువ కూర్చుంటాడు.

ఇక్కడే భాష సంగతి కూడా వస్తుంది. దీని గురించి కాలేజీలు ఎక్కువ మాట్లాడవు కాబట్టి కాస్త ఆగి చెప్పుకుందాం. పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లో, పాఠాలు ఇంగ్లిష్‌లో, పరీక్షలు ఇంగ్లిష్‌లో. డిప్రెషన్, యాంగ్జయిటీ, ట్రామా అన్నీ నోటికి వచ్చేస్తాయి. కానీ శ్రీకాకుళం నుంచో పాలమూరు నుంచో వచ్చిన అమ్మ ఈ మాటలు ఒక్కటీ అనదు. ‘గుండెలో దడగా ఉంది నాయనా’ అంటుంది. ‘ఒళ్లంతా మంటలు’ అంటుంది. ‘నరాల నీరసం’, ‘తల దిమ్ముగా ఉంటోంది’, ‘దేని మీదా మనసు పోవట్లేదు’, ‘ఎవరో దిష్టి పెట్టారు’, ‘గాలి సోకింది’. ఒక్కో మాటలో ఒక్కో బాధ ఉంది. గుబులు, దిగులు, బెంగ మూడూ ఒకటి కావు. ఇంటి మీద బెంగ ఉంటుంది, రేపటి మీద గుబులు ఉంటుంది, దిగులుకు ఒక్కోసారి కారణమే ఉండదు. ఈ తేడా పాఠ్యపుస్తకంలో లేదు. హాస్టల్ వరండాలో స్నేహితులతో ఇంగ్లిష్‌లో మాత్రమే మాట్లాడే పిల్లకు ఇది ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్నావళుల సంగతీ అంతే. 1930ల్లో వి.వి.కామత్ బినే తెలివితేటల పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లల కోసం తిరగరాశారు. ఉట్టి అనువాదం సరిపోదని, మన పిల్లల మీద పెట్టి చూసి కొలతలు మళ్లీ కట్టాలని ఆయనకు అప్పుడే తెలుసు. ఇవాళ్టికీ తెలుగులో అలా కొలతలు కట్టాల్సిన పరీక్షలు బోలెడున్నాయి. ఇంగ్లిష్ ప్రశ్నావళిని గూగుల్‌లో వేసి తెలుగులోకి మార్చి ప్రాజెక్టు రిపోర్టు రాసే పిల్లలు ఎక్కువ. మీ అబ్బాయి అలా కాకుండా ఒక్క ప్రశ్నావళిని పదిమంది పల్లెటూరి పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, ‘ఈ ప్రశ్న మీకు ఏం అర్థమైంది తాతా’ అని అడిగి సరిదిద్దితే, ఆ డిగ్రీకి పెట్టిన డబ్బు వచ్చినట్టే.

అన్నిటికన్నా జాగ్రత్తగా మాట్లాడాల్సిన విషయం ఇంకొకటుంది. సైకాలజీ తీసుకుంటానన్న పిల్లల్లో కొందరు బయటికి చెప్పని కారణంతో వస్తారు. ఇంట్లో తాగి గొడవ చేసే నాన్న. ఏళ్ల తరబడి ముభావంగా ఉండే అమ్మ. పదో తరగతిలో తనకే కలిగిన, ఎవరితోనూ చెప్పుకోని బాధ. ఈ చదువులో జవాబు దొరుకుతుందేమోనని. అందులో తప్పేమీ లేదు. బాధ తెలిసినవాడికి బాధ వినడం వస్తుంది. కానీ తరగతి గది చికిత్సాలయం కాదు. రెండో ఏడాదిలో మానసిక రుగ్మతల పాఠం వస్తుంది. వైద్య విద్యార్థులకు ఏ జబ్బు చదివితే ఆ జబ్బు తమకే ఉన్నట్టు అనిపించే సంగతి మీకు తెలుసు కదా. ఇక్కడా అంతే. సోమవారం తనకు ఓసీడీ ఉందనిపిస్తుంది, గురువారానికి బైపోలార్. పండక్కి ఇంటికి వచ్చి బాబాయిని నార్సిసిస్టు అని తేల్చేస్తుంది. (బాబాయి ఏమీ అనుకోకండి. మూడో ఏడాదికి తగ్గుతుంది.) నవ్వులాటకు ఇది సరే. కానీ ఆ పాఠం నిజంగా పాత గాయాన్ని రేపితే, ‘సైకాలజీ చదువుతున్నావు కదా, నీకే తెలియాలి’ అని మాత్రం అనకండి. పంటి డాక్టరు తన పన్ను తాను పీక్కోడు. చదువు ఒక దారిలో సాగనివ్వండి, తన బాధకు చికిత్స ఇంకో చోట, ఇంకో మనిషి దగ్గర జరగాలి. రెండూ ఒకేసారి జరగొచ్చు.

అవసరం సంగతికి వస్తే, అది కొండంత. నిమ్‌హాన్స్ చేసిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. వాళ్లలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. (ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు. ఇలాంటిది చూసి పట్టుకోవడమే పైన చెప్పిన రెండో చూపు.) దేశంలో లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్టు కూడా లేరు. 2025 జులైలో, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో ఒక్కరినైనా నియమించాలంది. మన ఊళ్లలో అలాంటి కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ఎన్నో మీరే లెక్కపెట్టుకోండి. అన్ని కుర్చీలు ఎవరితో నింపుతారు?

నా భయం ఇక్కడే. తీర్పులో ‘అర్హత ఉన్న’ అనే మాట ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికి నిన్నగాక మొన్న బీఏ పాసైన ఇరవై ఒక్కేళ్ల పిల్లను తక్కువ జీతానికి ఆ కుర్చీలో కూర్చోబెట్టే యాజమాన్యాలు ఉంటాయి. మధ్యాహ్నం పూట ఒక ఇంటర్ కుర్రాడు వచ్చి, తలుపు వేసి, ‘చచ్చిపోవాలనిపిస్తోంది మేడమ్’ అంటాడు. ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు, ఆ క్షణంలో ఏం అడగాలో, ఎవరికి ఫోన్ చేయాలో, ఒంటరిగా వదలకూడదని. ఆ తర్వాత ఏం జరిగినా ఆ కుర్రాడితోపాటు ఆమె కూడా జీవితాంతం మోస్తుంది. మీ అమ్మాయికి అలాంటి ఉద్యోగం వస్తే, నా మీద పర్యవేక్షణ ఎవరిది, అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి పంపాలి అనే రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు వచ్చాకే చేరమనండి.

డిగ్రీతో ఆగిపోతే ఉద్యోగాలు లేవా అంటే ఉన్నాయి, కానీ అవి వైద్యం కావు. కంపెనీల్లో మానవ వనరుల విభాగం, వినియోగదారుల సర్వేలు, యాప్‌లు జనం ఎలా వాడుతున్నారో చూసే పని, స్వచ్ఛంద సంస్థలు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పాలంటే స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఈడీ చేయొచ్చు, దానికీ ఆర్‌సీఐ నమోదు ఉంటుంది, ఆ టీచర్ల కొరత మన జిల్లాల్లో బాగా ఉంది. ఎంఎస్‌డబ్ల్యూ చేసి ఆసుపత్రుల్లో పనిచేయొచ్చు. మొదట్లో జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాల పక్కన పెట్టి చూసుకునేలా ఉండవు. ఇది దాచి పిల్లలను పంపడం అన్యాయం.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు భవనాలు, ఈతకొలను చూసి రాకండి. సిలబస్ కాగితం అడిగి తీసుకోండి. అందులో గణాంకాలు, పరిశోధనా పద్ధతులు తప్పనిసరిగా ఉన్నాయా? ప్రయోగశాల పేరుకేనా, పిల్లలు అందులో వారానికి ఎన్ని గంటలు గడుపుతారు? పాఠం చెప్పేవాళ్లు సైకాలజీలో చదివినవాళ్లేనా, వేరే సబ్జెక్టు వాళ్లతో సర్దుతున్నారా? మనుషుల మీద ప్రాజెక్టు చేసేటప్పుడు ముందుగా ఎవరైనా చూసి అనుమతిస్తారా? ఈ ఆఖరి ప్రశ్నకు తడబడిన కాలేజీని కాస్త అనుమానంగానే చూడండి. ఇంటర్‌లో బైపీసీ లేదని బెంగపడొద్దు, చాలాచోట్ల ఆర్ట్స్ పిల్లలకూ చేరే వీలుంది. చివరి ఏడాది పిల్లలను ఇద్దరిని పక్కకు పిలిచి, ‘ఇక్కడ ఏం బాగాలేదమ్మా’ అని అడగండి. బ్రోషర్ చెప్పనిది వాళ్లు చెబుతారు.

ఇంట్లో ఎవరూ సైకాలజీ చదవకపోయినా, ఈ సంగతులు మీకు వేరే విధంగా పనికొస్తాయి. ఎప్పుడో ఒకప్పుడు మీకో, మీవాళ్లకో ఎవరి దగ్గరికైనా వెళ్లాల్సి వస్తుంది. అప్పుడు మొహమాటపడకుండా అడగండి. ‘మీరు ఏం చదివారండీ? ఆర్‌సీఐ నమోదు ఉందా? నంబరు చెబుతారా?’ క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవారి పేరు ఆర్‌సీఐ రిజిస్టరులో మీరే చూసుకోవచ్చు. అర్హత ఉన్నవాళ్లు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు, గోడ మీద సర్టిఫికెట్ చూపిస్తారు. రెండు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసి పాతికేళ్ల కాపురాలు సరిచేస్తామనేవాళ్లే నొచ్చుకుంటారు.

ఇక ఇవాళే, ఈ క్షణమే మాట్లాడాల్సిన అవసరం ఉన్నవాళ్లు ఎవరి చదువు పూర్తయ్యే దాకా ఎదురుచూడక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. దిగులు అన్నా, దడ అన్నా, గాలి సోకింది అన్నా, మీ మాటల్లోనే చెప్పండి.